కుర్చీల రైలు, పిట్టల భాష

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఈవిడ ఎప్పటికి ముగిస్తుందోనని గోడ గడియారం వంక ఒకసారీ నా వంక ఒకసారీ చూస్తున్న మా పెద్ద టీచరుగారికి, పాత విద్యార్థుల తల్లిదండ్రుల తరఫున వేదికనెక్కి, నాలుగేళ్ళ పిల్లలు కూర్చునే కుర్చీలో తన ఆరడుగుల దేహాన్ని ఎలా సర్దుకున్నారో నాకు అంతుపట్టని డ్రైవరుగారికి (నవ్వులు), తోటి టీచర్లకు, పాల గ్లాసులతో పాటు నా కోపతాపాలను కూడా ఇన్నేళ్ళుగా కడిగి బోర్లించిన మా ఆయమ్మకు, ఒకప్పుడు నా చేతులకు ముక్కు తుడిచి ఇప్పుడు తమ పిల్లల ముక్కులు తుడుస్తున్న నా పాత విద్యార్థులకు, వెనక వరసలో ఎవరికీ కనపడకుండా కూర్చున్నానని అనుకుంటున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం.

ఉద్యోగ విరమణ కదా, నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. జీవితమంతా పిల్లల చేత మాట్లాడించడమే ఉద్యోగంగా బతికినదాన్ని, రెండు ముక్కల్లో ఆపమంటే అన్యాయం కాదూ? పైగా రేపటి నుంచి నేను రోజంతా కూర్చోబోయేది ఎవరితోనో మీకు తెలుసా? మా ఆయనతో. ఆయన గడియారాలు బాగుచేస్తారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆయన నోట వచ్చేది మొత్తం నాలుగు మాటలు, అందులో మూడు "ఊఁ"లే. (నవ్వులు) అదిగో చూడండి, ఇప్పుడు కూడా ఏమన్నారు? "ఊఁ" అన్నారు! కాబట్టి ఈ ఒక్కపూట నన్ను మాట్లాడనివ్వండి, పుణ్యముంటుంది.

ఊరంతా నన్ను "రైలు టీచరు" అంటారు కదా, ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. నేను ఈ బడిలో చేరిన కొత్తల్లో పిల్లల తరగతికి కొత్త బల్లలు, కుర్చీలు చేయించారు. వడ్రంగి కుర్చీలు తెచ్చి దించి, బల్లలు వారంలో తెస్తానన్నాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. (నవ్వులు) బల్లలు లేకుండా కుర్చీలను ఏం చేసుకోవాలి? వసారాలో ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టించాను, అడ్డం లేకుండా ఉంటాయని, అంతే, నా బుర్రలో ఇంకే ఆలోచనా లేదు. మర్నాడు పొద్దున పిల్లలు వచ్చారు, చూశారు, ఒకడు అరిచాడు, "రైలూ!" అని. కన్ను మూసి తెరిచేలోగా కుర్చీలన్నీ నిండిపోయాయి. ముందు కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసి, "నిలబడి చూస్తావేంటి టీచర్, కూత పెట్టు!" అంది. పెట్టాను. జీవితంలో మొదటిసారి గొంతెత్తి కూత పెట్టాను. ఆ కూతకు పెద్ద టీచరుగారు తన గదిలోంచి పరుగెత్తుకొచ్చి "ఎవరికేమైంది?" అని అడిగారు. అప్పుడాయనింకా పెద్ద టీచరు కాదు లెండి, ఉత్త టీచరే, పరుగెత్తే వయసే. (నవ్వులు)

మొదట్లో నాకూ అది ఆటే. చూడగా చూడగా తెలిసింది, అది ఆటొక్కటే కాదని. బల్ల ముందు కూర్చోబెట్టి, బొమ్మ చూపించి "ఇదేంటి? ఇదేంటి?" అని అడుగుతాం చూశారూ, ఆ జవాబు మనకు ముందే తెలుసన్న సంగతి పిల్లలకు తెలుసు. తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళతో ఎవరు మాట్లాడతారండీ? పోలీసులు అడిగితే తప్ప! రైల్లో అలా కాదు. తలుపు సగం మూసి, అదే టికెట్టు కిటికీ అనుకుని, దాని వెనక నిలబడి టికెట్లు ఇచ్చేదాన్ని. టికెట్టుకు వెల, రెండు జవాబులు. ఎక్కడికి వెళ్తున్నావు? ఎందుకు వెళ్తున్నావు? వాళ్ళు చెప్పకపోతే నాకు నిజంగానే తెలీదు. తెలియక అడుగుతున్నానని వాళ్ళకీ తెలుసు. ఇక చూడండి, గుక్క తిప్పుకోకుండా మాటలు!

ఒకడు "మా అమ్మమ్మ ముక్కులోకి" అన్నాడు. ఎందుకు నాయనా అంటే, "అక్కడ రాత్రి శబ్దం వస్తుంది, ఎవరున్నారో చూసొస్తా" అన్నాడు. ఇంకొకతె "ఎక్కడికీ వెళ్ళను, దిగడానికే ఎక్కుతున్నా" అంది. ఆ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను. తినుబండారాలు అమ్మేవాడు ఒకడుండేవాడు, "వేడివేడి ఐస్‌క్రీం! వేడివేడి ఐస్‌క్రీం!" అని తిరిగేవాడు. ఐస్‌క్రీం వేడిగా ఎలా ఉంటుందిరా అని ఒక ప్రయాణికుడు నిలదీస్తే, "అందుకే చవక" అన్నాడు! (నవ్వులు) ఆ అబ్బాయి ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు, బజారులో పాత్రల కొట్టు. ఏం నాయనా, ఇంకా అలాగే అమ్ముతున్నావా? (నవ్వులు, వెనక నుంచి "ఉన్నదున్నట్టే చెప్తున్నా టీచర్!")

కిటికీలోంచి ఏం కనపడుతోందో చెప్పాలంటే "దూరంగా", "పక్కన", "పైన", "కింద" అన్న మాటలు వాటంతట అవే వచ్చేవి. రైలు ఎందుకు ఆగిందో చెప్పాలంటే "ఎందుకంటే" రావాలి కదా. సీటు నాదంటే నాదని పోట్లాడుకోవాలంటే "నేను నీకంటే ముందొచ్చా" అని వాక్యం కుదరాలి. పోట్లాటలో ఉన్నంత వ్యాకరణం ఏ పుస్తకంలో ఉందండీ! నేను మాత్రం ఎవరి మాటా దిద్దేదాన్ని కాదు. రైల్లో నేను ప్రయాణికురాలిని. పక్క ప్రయాణికుడు "నేను రేపు వెళ్ళాను" అన్నాడనుకోండి, దిద్దుతామా? "అలాగా, రేపు వెళ్ళారా? ఏం చూశారు?" అని అడుగుతాం. వాడే ఆగి, ఆలోచించి, "నిన్న" అంటాడు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, నేనిక్కడ నిజంగా చెప్పదలచుకున్నది పిట్టల సంగతి. డ్రైవరుగారూ, చెప్పనా? (డ్రైవరుగారు తలూపారు) సరే, తండ్రి అనుమతి దొరికింది.

డ్రైవరుగారు బస్సు నడుపుతారని మీకందరికీ తెలుసు. ఆయన ఇల్లాలు బట్టలు కుడతారు. అదిగో, అక్కడ కిటికీ పక్కన కూర్చున్నారు, నా ఒంటి మీదున్న బట్టలు ఆవిడ చేతి చలవే. వాళ్ళకు కవల ఆడపిల్లలు. ఒకరికంటే ఒకరు కాస్త ముందూ వెనకా పుట్టారని పెద్ద పిట్ట, చిన్న పిట్ట అని పిలుచుకునేవారు. పిల్లలను బడికి తీసుకొచ్చిన రోజున డ్రైవరుగారు నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "టీచరుగారూ, మా ఇంట్లో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుందండీ. ఏ స్టేషనో మాత్రం మాకు తెలీదు."

అంటే ఏమిటంటే, పిట్టలిద్దరూ మాట్లాడేవాళ్ళే. గలగలా, కిలకిలా, ఆపకుండా. కానీ ఒకరితో ఒకరు మాత్రమే, అదీ వాళ్ళ సొంత భాషలో. ఆ భాషలో మన మాట ఒక్కటి ఉండేది కాదు. తల్లితో వేలు పెట్టి చూపించడం, తండ్రితో తలూపడం, మిగతా లోకంతో ఏమీ లేదు. వినికిడి పరీక్ష చేయించారు, చెవులు దివ్యంగా ఉన్నాయన్నారు. తల్లి ఒక్కావిడే మిషను ముందు కూర్చుని వింటూ వింటూ కొన్ని మాటలు పట్టుకుంది. "'బొట్టాక' అంటే 'అది కాదు, ఇంకోటి' అనండీ. 'మున్నుము' అంటే 'నా పక్కన పడుకో'. 'టప్పిడ' అంటే కింద పడిందని. నేనంటే మాత్రం ఏమంటారో తెలీదు టీచరుగారూ, నా పేరు వాళ్ళ భాషలో ఉందో లేదో" అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

బడిలో ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చునేవారు. చెరో సగం. విడదీస్తే ఇద్దరూ ఒకేసారి ఏడ్చేవారు, అదీ ఒకే శ్రుతిలో. టికెట్టు కిటికీ దగ్గరికి వచ్చేవారు, నేను "ఎక్కడికమ్మా?" అంటే నన్ను చూసి, ఒకరినొకరు చూసుకుని, నా గురించే ఏదో అనుకుని, పగలబడి నవ్వి వెళ్ళిపోయేవారు. ఏమనుకున్నారో నాకు ఈ రోజుకీ తెలీదు. ముక్కు గురించే అయ్యుంటుందని నా అనుమానం. (నవ్వులు)

ఇదిలా ఉండగా డ్రైవరుగారి అక్కగారు రంగంలోకి దిగారు. ఆవిడ మనసు వెన్న, నోరు మాత్రం కంచు. ఆవిడ తీర్పు ఏమిటంటే, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు తమ్ముడూ. చిన్నదాన్ని నాతో పంపు. దీని భాష దాని దగ్గర, దాని భాష దీని దగ్గర పనికిరాకుండా పోతే, చచ్చినట్టు మన మాట నేర్చుకుంటారు. సెలవులివ్వగానే వస్తా, బట్టలు సర్ది ఉంచు." ఆవిడకు పిల్లల మీద కోపం లేదు. పిల్లలు లేని ఇల్లు ఆవిడది, చిన్నదాన్ని అరచేతుల్లో పెట్టుకుని పెంచేదే. డ్రైవరుగారు ఊఁ అనలేక, ఊహూఁ అనలేక తలవంచుకున్నారు. తల్లి ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, ఈ వసారా మెట్ల మీద కూర్చుని, "టీచరుగారూ, ఆవిడ చెప్పేది నిజమేనేమో, నాకు తెలీదు. కానీ రాత్రి నిద్రలో చిన్నది చెయ్యి చాపి వెతుక్కుంటే అక్కడ ఎవరుండాలి?" అంది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అంతకంటే ఏం చేయగలను? నేను టీచర్ని, మంత్రగత్తెను కాను కదా.

(మంచినీళ్ళు తాగి) పెద్ద టీచరుగారూ, గడియారం ఆగిపోయిందా అని చూస్తున్నారు, లేదండీ, బాగానే నడుస్తోంది, మా ఆయనే బాగుచేశారు. (నవ్వులు)

ఆ తర్వాత ఒక రోజు పొద్దున రైలు కట్టాం. ఇంజను డ్రైవరు ఎవరని అడిగాను. ఎప్పుడూ చెయ్యెత్తని పెద్ద పిట్ట, చెల్లెలి చెయ్యి వదిలేసి, వెళ్ళి ముందు కుర్చీలో కూర్చుంది. ఎంతైనా డ్రైవరు కూతురు! స్టీరింగు తిప్పుతోంది. రైలుకు స్టీరింగు ఉండదమ్మా అని ఎవరూ అనలేదు, అనే ధైర్యం ఎవరికుంది? చిన్న పిట్ట మధ్యలో నిలబడి చూసింది. మూతి వంకర తిరిగింది. ఏడుపు వచ్చేస్తోంది అనుకుంటుండగా ఆయమ్మ వెళ్ళి, తల్లి పంపించిన పచ్చ గుడ్డముక్క ఒకటి దాని చేతిలో పెట్టి, చివరి కుర్చీ చూపించి, "నువ్వు గార్డువి. నువ్వు చెప్పందే మీ అక్క బండి తీయలేదు" అంది. ఆ మాట దానికి అర్థమైందో లేదో గానీ, నచ్చింది. పోయి చివరి కుర్చీ ఎక్కి నిలబడింది. అక్కేమో ఆ కొసన, చెల్లెలేమో ఈ కొసన, మధ్యలో బడి మొత్తం. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు అంత దూరం కూర్చోవడం అదే మొదలు.

గార్డు జెండా ఊపి అంది, "లిల్లిజో!"

ఇంజను దాకా వినపడదు, పిల్లల గోలలో. కాబట్టి గార్డు చెప్పిన మాటను ఒకరి చెవిలో ఒకరు ముందుకు పంపించాలని నియమం పెట్టాను. గార్డు ముందు కూర్చున్నవాడు విన్నాడు, "లిల్లీ జో" అన్నాడు. వాడి ముందుపిల్ల "జిల్లీ జో" అంది. తర్వాతివాడికి అది మాటలా అనిపించక "జల్లెడ" చేశాడు. జల్లెడ కాస్తా ముందుకు పోయి పోయి, ఇంజను వెనక కూర్చున్న మన పాత్రల కొట్టు అబ్బాయి దగ్గరికి చేరింది. వాడు లేచి నిలబడి, పెద్ద పిట్ట చెవి దగ్గర నోరు పెట్టి, గంభీరంగా ప్రకటించాడు, "గార్డు 'పిల్లి జడ' అంటోంది."

(నవ్వులు. వక్త కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని)

ఆ పిల్ల మొహం మీరు చూడాల్సింది! పిల్లి జడా? మా చెల్లెలు పిల్లి జడ అందా? పుట్టినప్పటి నుంచీ దాని మాట ఒక్కటి పొల్లు పోకుండా అందుకున్న చెవులవి. కుర్చీ మీద నిలబడింది. వెనక్కి తిరిగింది. రైలు మొత్తానికీ వినపడేలా అరిచింది.

"పిల్లి జడ కాదు! లిల్లిజో! లిల్లిజో అంటే పోదాం అని!"

మన మాటల్లో! మీరూ నేనూ మాట్లాడే మాటల్లో! నేను కదల్లేదు. ఆయమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, ఆ గోళ్ళ గుర్తు రెండు రోజులుంది. అప్పుడు మధ్య పెట్టెలోంచి ఒక కుర్రాడు తాపీగా అన్నాడు, "అయితే పోదాం అనొచ్చుగా!"

"అదే అన్నది!" అంది పెద్ద పిట్ట.

అని కూర్చుని, స్టీరింగు తిప్పి, బండి తీసేసింది. నేను చప్పట్లు కొట్టలేదు, ముద్దు పెట్టుకోలేదు, "అబ్బ, మాట్లాడావే!" అనలేదు. అంటే ఆ రైలు ఆగిపోతుందని భయం. నా సీట్లో కూర్చుని, కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ, అటు తిరిగి ఏడ్చాను. పక్క ప్రయాణికురాలు, ఐదేళ్ళ పెద్దమనిషి, "ఊరు గుర్తొచ్చిందా?" అని పరామర్శించింది. (నవ్వులు)

మాట్లాడమని ఆ పిల్లలను మనం ఎన్ని రోజులు బతిమాలామండీ! బతిమాలితే రాలేదు. మనం తప్పుగా విన్నామని కోపం వస్తే వచ్చింది. దిద్దాల్సింది మనం కాదు, వాళ్ళు! ఆ సంగతి నాకు ఆ పిల్ల నేర్పింది.

ఆ రోజు నుంచి బడి మొత్తానికి అంటువ్యాధి పట్టుకుంది. రైలు కదలాలంటే అందరూ కలిసి "లిల్లిజో!" ఏదైనా వద్దంటే "బొట్టాక!" ఎవరైనా పడితే "టప్పిడ!" వారం తిరక్కుండా తల్లిదండ్రులు పెద్ద టీచరుగారి గది ముందు బారులు తీరారు. "మా వాడు పాలు తాగరా అంటే బొట్టాక అంటున్నాడు, ఇదేం బూతండీ?" అని ఒకరు. పెద్ద టీచరుగారు నన్ను పిలిపించి, నాకు బాగా గుర్తు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఏమ్మా, మాటలు రాని ఇద్దరికి మాటలు నేర్పమంటే, మాటలొచ్చిన అందరికీ ఉన్న మాటలు మరిపిస్తున్నావు. ఇక చాలు, ఆ కుర్చీలు లోపల పెట్టించు" అన్నారు. నేను ఒకటే అడిగాను, "ఒక్కసారి మీరూ ఎక్కి చూడండి సార్, తర్వాత మీ ఇష్టం" అని.

వచ్చారు. ఆ రోజు టికెట్టు కిటికీ దగ్గర కూర్చున్నది చిన్న పిట్ట. అక్కకు మాట వచ్చినా దీనికింకా రాలేదు, టికెట్టు ముక్కలు మాత్రం చింపి చింపి ఇస్తోంది, పక్కనున్న పిల్ల అడగాల్సినవి అడుగుతోంది. "ఎక్కడికి?" అంది ఆ పిల్ల. పెద్ద టీచరుగారు తన సహజ ధోరణిలో "తనిఖీకి" అన్నారు. చిన్న పిట్ట తలెత్తి చూసింది. ముక్క చింపలేదు. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా చీకట్లో తడిమి కాలు పెట్టినట్టు అంది, "ఆ ఊరు... పోదు. ఈ రైలు."

(నవ్వులు, చప్పట్లు)

పెద్ద టీచరుగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ మోకాళ్ళకు అప్పటికే నొప్పులు. "మరి ఏ ఊరు పోతుందమ్మా?" అని అడిగారు. అది చెప్పింది. మేఘాల ఊరు, నాన్న బస్సు నిద్రపోయే ఊరు, అమ్మ సూది పోయిన ఊరు... తడబడుతూ, మధ్యమధ్య తన మాటలు కలుపుతూ, వేళ్ళు మడుస్తూ. ఆయన అన్నీ విన్నారు, ఆఖరికి "సూది పోయిన ఊరికి ఒకటివ్వు, వెతికిపెట్టి వస్తా" అన్నారు. కుర్చీలు లోపలికి పోలేదు. సార్, ఆ రోజు మీరు రైలెక్కి చిన్న కుర్చీలో ఇరుక్కుని, పైకి లేవలేక నేనూ ఆయమ్మా చెరో చెయ్యి పట్టి లాగాల్సి వచ్చిన సంగతి మాత్రం సభలో చెప్పనని మాటిచ్చాను, చెప్పను. (నవ్వులు)

సెలవులు దగ్గరపడ్డాయి. డ్రైవరుగారి అక్కగారు, అంటే పిల్లల అత్త, సంచీతో సహా దిగారు. నేరుగా బడికే వచ్చారు, చిన్నదాన్ని ఇటునుంచి ఇటే తీసుకుపోదామని. వెనకాలే డ్రైవరుగారు, ఇల్లాలు. పిల్లలు మాట్లాడుతున్నారని తమ్ముడు చెప్పినా ఆవిడ నమ్మలేదు, "నాలుగు ముక్కలు అప్పజెప్పితే మాటలొచ్చినట్టా? విడదీస్తేనే అసలు మాటలు" అన్నారు. వసారాలో రైలు సిద్ధంగా ఉంది. చిన్న పిట్ట చివరి కుర్చీ మీద పచ్చ గుడ్డతో నిలబడి ఉంది.

"రావే బంగారం, మా ఊరు పోదాం. నీకు కొత్త గౌన్లు కొన్నా" అంది అత్త.

చిన్న పిట్ట ఆవిడ సంచీ చూసింది, అమ్మను చూసింది, ఆ కొసనున్న అక్కను చూసింది. అక్క లేచి నిలబడింది. ఏమన్నా అంటుందేమో, చెల్లెలి తరఫున తనే చెబుతుందేమో అనుకున్నాను. అనలేదు. చెల్లెలే అంది.

"రాను అత్తా. గార్డు దిగిపోతే రైలెలా పోతుంది?"

అత్తగారు నోరు తెరిచారు. కంచు మోగలేదు, మొదటిసారి! ఆ పిల్ల ఆగలేదు, "నువ్వు ఎక్కు. మా అక్క నడుపుతుంది. మీ ఊరు పోదాం, అందరం. సాయంత్రం వచ్చేద్దాం" అంది. ఎంత న్యాయమైన మాట! ఎవరి మనసూ నొప్పించకుండా, అందరికీ సరిపోయేలా. పెద్దవాళ్ళం మనం ముగ్గురం నలుగురం కూర్చుని అన్ని రోజులు తేల్చలేని వ్యవహారాన్ని నాలుగేళ్ళ పిల్ల కుర్చీ మీద నిలబడి తేల్చేసింది. అత్తగారు సంచీ కింద పడేసి, "టప్పిడ" అని పిల్లలందరూ అరుస్తుండగా (నవ్వులు), వచ్చి కుర్చీలో కూలబడి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలీకుండా రెండూ చేశారు. పాపం, ఆవిడ ఆ తర్వాత సెలవులన్నిటికీ తనే ఇక్కడికి వచ్చి ఉండేది. వచ్చినప్పుడల్లా రైలెక్కేది. వేడి ఐస్‌క్రీం కొనేది.

పిట్టలు ఇప్పుడు పిట్టలు కారు. పెద్దది న్యాయశాస్త్రం చదువుతోంది. చిన్నది నర్సు ఉద్యోగానికి శిక్షణలో ఉంది, అందుకే ఇద్దరూ ఈ పూట రాలేకపోయారు. మొన్న వాళ్ళమ్మ నాతో అంది, "మాటలు నేర్పమన్నాను గానీ, ఎదురు మాటలు నేర్పమన్నానా టీచరుగారూ?" అని. బాధ్యత నాదే, ఒప్పుకుంటున్నాను.

(ఒక్క క్షణం ఆగి)

ఇక ఒక్క సంగతి. ఇది నవ్వడానికి కాదు. ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం ఆ తల్లి మళ్ళీ వచ్చి అవే మెట్ల మీద కూర్చుంది. సంతోషంగానే ఉంది. కాసేపటికి అంది, "ఇంట్లో ఇప్పుడందరం మాట్లాడుకుంటున్నామండీ, చక్కగా. కానీ వాళ్ళ భాష పోయింది. నిన్న నేను 'మున్నుము' అన్నాను. పెద్దది నన్ను వింతగా చూసి, 'అంటే ఏంటమ్మా?' అంది." ఆమె నవ్వింది, కన్నీళ్ళు కారుతుండగా నవ్వింది. "ఏం లేదు, పక్కన పడుకో అని చెప్పాను. వచ్చి పడుకుంది. ఇన్నాళ్ళూ ఆ భాష ఎప్పుడు పోతుందా అని మొక్కుకున్నదాన్ని, పోయాక ఎందుకండీ ఇలా ఉంది?"

పిల్లలు పాకడం మానేసి నడిచినప్పుడు చప్పట్లు కొడతాం, ఆ పాకడం మళ్ళీ చూడలేమని ఎవరం అనుకోం. మాట నేర్పడమంటే ఇవ్వడమే అనుకున్నాను అంతవరకూ. కొంచెం తీసుకోవడం కూడా ఉందని ఆ మెట్ల మీద తెలిసింది. "ఆ మాటలు నాకూ నేర్పండి, మనం ఇద్దరం మాట్లాడుకుందాం" అన్నాను. ఏదో ఊరడింపుకి అన్నాను గానీ, ఆవిడ నిజంగానే నేర్పింది.

కాబట్టి సభవారికి మనవి, ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఇద్దరమే ఉన్నాం, నేనూ ఆవిడానూ. పండ్ల కొట్టు దగ్గర కలిస్తే నేనొక పండు తీస్తాను, ఆవిడ "బొట్టాక" అంటుంది, ఇంకోటి తీస్తాను, "లిల్లిజో" అంటుంది, బయల్దేరతాం. కొట్టువాడు మమ్మల్ని ఏ దేశం వాళ్ళని అడిగాడు. (నవ్వులు)

నా స్థానంలోకి వస్తున్న చిన్న టీచరమ్మా, రేపటి నుంచి ఆ వసారా నీది. కుర్చీలు కిర్రుమంటాయి, సర్దుకో. పిల్లలు నీకు తెలియనివి చెబుతారు, నిజంగా తెలియనట్టే విను, ఎందుకంటే నిజంగానే తెలియదు. ఆయమ్మా, నీకు థాంక్స్ చెబితే కొడతావని చెప్పడం లేదు. పెద్ద టీచరుగారూ, ఆ కుర్చీలు లోపల పెట్టించనందుకు, డ్రైవరుగారూ, మీ పిట్టలను నా మీద నమ్మకంతో వదిలినందుకు, మీ అందరికీ, ఇంతసేపు ఓపికగా విన్నందుకు, వెనక వరసలో ఇందాక ఒకసారి "ఊఁ" కొట్టి ఈ నెల మాటల కోటా ఖర్చు చేసేసిన మా ఆయనకు, కృతజ్ఞతలు.

నిన్న సాయంత్రం ఈ ప్రసంగం ఎలా ముగించాలో తెలీక ఆ తల్లి దగ్గరికి వెళ్ళాను. మిషను ముందు కూర్చుని నా ఈ బట్టలకే ఆఖరి కుట్లు వేస్తోంది. "వెళ్ళొస్తాను అనడానికి పిట్టల భాషలో ఏమంటారు?" అని అడిగాను. ఆవిడ కుట్టడం ఆపింది. ఆలోచించింది.

"ఆ మాట లేదండీ" అంది. "వాళ్ళకు ఎప్పుడు అవసరమొచ్చిందని?"

అందుకని, తప్పదు కాబట్టి, మన మాటలోనే చెబుతున్నాను.

సెలవు.